పిట్ట ముట్టని ఖోర్

దోహా నుంచి ఉత్తరం రోడ్డు పట్టుకుని, ఉమ్ సలాల్ తోటలు దాటి, ఇంకా చాలా దూరం పోతే సముద్రం నేలలోకి చొరబడి లోపలికంటా వచ్చేసిన చోటు ఒకటుంది. ఇలాంటి దాన్ని ఇక్కడివాళ్ళు ఖోర్ అంటారు. రెండు పక్కలా ఇసుక, మధ్యలో ఉప్పునీటి పాయ, పాయ అంచున మడ చెట్లు. గోదావరి సముద్రంలో కలిసే చోట పుట్టి పెరిగినవాణ్ణి కాబట్టి మడ చెట్లు నాకు కొత్త కాదు. అయినా ఎడారిలో వాటిని మొదటిసారి చూసినప్పుడు, మా ఊరి మనిషి ఎవరో చెప్పాపెట్టకుండా వచ్చి నిలబడ్డట్టు అనిపించింది. కాసేపు పడవ దిగకుండా వాటినే చూస్తూ కూర్చున్నాను.

ఆ ఖోర్‌లో పడవ నడపడం, నీటి మట్టం కొలిచే యంత్రాలను చూసుకోవడం, కొత్తగా నాటిన మడ మొక్కలు బతికాయో చచ్చాయో చూసి ఆఫీసుకు చెప్పడం నా ఉద్యోగం. ఉండేది దోహాలోనే, అల్ హిలాల్‌లో ఒక పాత బిల్డింగ్‌లో. పొద్దున్నే బయల్దేరి వెళ్ళి, సాయంత్రం బురద కంపుతో ఇంటికి చేరతాను. గుమ్మంలోనే ఆపి, బాత్రూమ్ వైపు వేలు చూపించడం మా ఆవిడ అలవాటు. ఇన్నేళ్ళయినా ఆ ఉద్యోగం మీద నాకు విసుగు రాలేదు. మనుషుల మీదే వస్తుంది. నాకు కోపం ఎక్కువని ఆఫీసులో అందరికీ తెలుసు, పాపం ఆ పడవ ఇంజనుకు కూడా తెలుసు.

మా పెద్ద ఇంజనీరు చలిదేశం మనిషి. భూమికి పైకొసన, ఇక అవతల మంచు తప్ప ఏమీ లేని చోట ఆయన సొంతూరు. అక్కడా సముద్రం ఇలాగే నేలలోకి వస్తుందట, కాకపోతే నిట్టనిలువు కొండల మధ్య నుంచి. దాన్ని ఫియోర్డ్ అంటారట. ఫోన్‌లో ఫొటో చూపించాడు. నల్లటి నీళ్ళు, నీళ్ళ పక్కన కాసిని చెక్క ఇళ్ళు, ఒక తెల్ల చర్చి. పక్క ఊరికి పోవాలంటే పడవ ఎక్కాలి, చలికాలంలో సూర్యుడు కొండ దాటి పైకే రాడు. "ఇదీ అదీ ఒకటే. ఇక్కడ కొండలు పెట్టడం మర్చిపోయారు, అంతే" అన్నాడు. "మంచు పెట్టడం కూడా మర్చిపోయారు సార్" అన్నాను. నవ్వాడు.

ఆ ఫొటోలోనే చర్చి పక్కన సమాధి రాళ్ళున్నాయి. వాటిలో కొన్నింటి కింద ఎవరూ లేరని చెప్పాడు. చేపలకు వెళ్ళినవాణ్ణి సముద్రం తిరిగి ఇవ్వకపోతే, ఊళ్ళో ఒక రాయి నిలబెట్టి పేరు చెక్కుతారట. తల్లులు, భార్యలు వచ్చి ఆ రాతి దగ్గర పూలు పెట్టి పోతారట. "చిన్నప్పుడు ఆ రాళ్ళ వైపు వెళ్ళేవాణ్ణి కాదు. కింద మనిషి ఉన్న రాయి అంటే భయం లేదు. కింద ఎవరూ లేని రాయి అంటేనే భయం" అన్నాడు. అప్పుడు ఆ మాట నాకు వింతగా తోచింది, తెల్లవాళ్ళ పైత్యం అనుకున్నాను.

ఖోర్ చుట్టుపక్కల ఉన్నవి చిన్న ఊళ్ళే. దక్షిణాన అల్ ఖోర్, ఆ పక్కన దఖీరా, బాగా పైన కొసకు రువైస్ రేవు. ఈ ఊళ్ళ మధ్య తీరం వెంబడి మనుషులు వదిలేసిన పల్లెలు కొన్ని ఉన్నాయి. ఒకప్పుడు చేపలు, ముత్యాలు పట్టుకుని బతికినవాళ్ళవి. మంచినీళ్ళు, కరెంటు, బడి ఉన్న ఊళ్ళకు అందరూ తరలిపోయారు. పైన పని పడ్డప్పుడల్లా అలాంటి ఒక పల్లెలో నీడ చూసుకుని భోజనం చేసేవాణ్ణి. గోడలున్నాయి, కప్పులు లేవు. బట్టలు తగిలించుకునే మేకులు గోడలకు అలాగే ఉన్నాయి. మనుషులు లేని ఊళ్ళో కూర్చుని తింటుంటే, నమిలే చప్పుడు కూడా పెద్దగా వినిపించి సిగ్గేసేది.

ఒకసారి ఒక ఇంటి గడప మీద కడిగి బోర్లించిన టీ గ్లాసు కనిపించింది. తడి ఇంకా ఆరలేదు. చుట్టూ చూశాను, కారు లేదు, మనిషి లేడు. మళ్ళీ వెళ్ళినప్పుడు గ్లాసు లేదు. ఆ ఇంటివాడు ఎవరో వచ్చి, తన నీడలో తాను టీ తాగి పోతున్నాడని సర్దిచెప్పుకున్నాను. అయినా ఆ ఇంటి వైపు వీపు పెట్టి కూర్చోలేకపోయాను. అప్పటి నుంచి అన్నం కారులోనే తిన్నాను.

కిందటి చలికాలం ఒక శుక్రవారం, అల్ ఖోర్ దగ్గరి కూలీల క్యాంప్ నుంచి ముగ్గురు మనవాళ్ళు పీతలు పట్టడానికి ఖోర్‌కు వచ్చారు. జగిత్యాల వైపు వాళ్ళు, కట్టడాల్లో ఇనుప కడ్డీలు కట్టే పని. అమావాస్య దగ్గర పడింది. అలాంటి రోజుల్లో నీళ్ళు ఎంత దూరం వెనక్కి పోతాయో, అంత జోరుగా తిరిగి వస్తాయి. వాళ్ళు వచ్చినప్పుడు పాయ నడుమ చిన్న కాలవలా మిగిలి, చుట్టూ మైదానంలా బురద తేలి ఉంది. ముగ్గురిలో చిన్నవాడు లోపలికి పోతే ఇంకా పెద్దవి దొరుకుతాయన్నాడు. మిగిలిన ఇద్దరినీ కట్టెలు ఏరమని చెప్పి, పెయింట్ డబ్బా పట్టుకుని మడ చెట్ల మధ్యకు పోయాడు. తిరిగి రాలేదు.

మర్నాడు పొద్దున నాకు ఫోన్ వచ్చింది. ఆ పాయల మలుపులు నాకు తెలుసు కాబట్టి, వెతికేవాళ్ళకు దారి చూపించడానికి నా పడవ కావాలన్నారు. రోజుల తరబడి వెతికాం. కోస్ట్ గార్డ్ పడవలు ఖోర్ బయట సముద్రమంతా తిరిగాయి. మనిషి దొరకలేదు. ఒక మడ కొమ్మకు తగిలించిన పెయింట్ డబ్బా మాత్రం నాకు దొరికింది. మూతికి తువ్వాలు కట్టి ఉంది. లోపల పీతలు బతికే ఉన్నాయి, డబ్బా గోడలను గీరుతున్నాయి. ఆ చప్పుడు వినలేక, తువ్వాలు విప్పి డబ్బాను నీళ్ళలో బోర్లించేశాను. తువ్వాలు ఉతికి ఆరేసి అతని స్నేహితులకు ఇచ్చాను.

వెతుకులాట ఆగిపోయాక నేను మళ్ళీ నా పనిలో పడ్డాను. పడ్డానని అనుకున్నాను. పాటు వేళ, అంటే నీళ్ళు వెనక్కి పోయే వేళ, బురదలోంచి గాలి బుడగలు పగిలి టప్ టప్‌మంటుంటాయి. చిన్నప్పటి నుంచి విన్న చప్పుడే. ఇప్పుడు అది ఎవరో కాలు పీకి కాలు వేస్తున్నట్టు వినపడసాగింది. ఇంజను ఆపి విన్నాను. ఆపితే ఇంకా దగ్గరగా వినపడింది. నాకు భయం వేసింది. యేసు రక్తమే జయం అని మా అమ్మమ్మ అనే మాట పైకి అని, ఇంజను మళ్ళీ వేసుకుని వెళ్ళిపోయాను.

ఆ నెలలోనే అడుగులు చూశాను. ఖోర్ లోపలి మూలలో ఒక చోటికి నీళ్ళు మెల్లగా వస్తాయి, మెల్లగా పోతాయి. ఉరవడి ఉండదు. బురద మీద ఉప్పు పేరుకుని గట్టిపడుతుంది. అక్కడ చెప్పుల్లేని కాళ్ళ అచ్చులు వరసగా మడ చెట్లలోంచి వచ్చి, నడిమి కాలవ అంచు దాకా పోయి ఆగిపోయాయి. వెనక్కి రాలేదు. వెతికిన రోజుల్లో మేం పోటు మీద పడవలో తిరిగాం కాబట్టి అవి నీళ్ళ కింద ఉండిపోయాయి. ఇప్పుడు నాకు జరిగింది అర్థమైంది. వెనక నుంచి నీళ్ళు కమ్ముతుంటే అతను కాలవ దాటి అవతలి గట్టుకు పోదామనుకున్నాడు. ఈత వచ్చినవాడు. చెరువులో ఈదినట్టే ఈదుదామని దిగి ఉంటాడు. ఆ కాలవలో నీరు తిరిగేటప్పుడు ఎంత లాగుతుందో ఈతకు తెలియదు, అక్కడ తిరిగేవాళ్ళకే తెలుసు.

అచ్చుల్లో నీళ్ళు నిలిచి ఉన్నాయి. పోటు వచ్చినప్పుడల్లా మునుగుతున్నాయి, పాటుకు మళ్ళీ తేలుతున్నాయి. అవి చెరిగిపోతే బాగుండునని అనిపించేది. చూడకుండా ఉండలేక, ఏదో వంకన పడవ అటే తిప్పేవాణ్ణి.

ఒక శుక్రవారం పడవ రేవు దగ్గర ఒకతను నా కోసం కాచుకుని ఉన్నాడు. నలభై దాటిన మనిషి, చేతిలో దోసకాయల సంచి. ఉమ్ సలాల్‌లో ఒక తోటలో ఖర్జూరపు చెట్లకు నీళ్ళు పెట్టి, మేకలను చూసుకుంటాడు. పోయినవాడికి అన్న.

"సార్, మా తమ్ముణ్ణి దేవులాడింది మీరే గదా?" అన్నాడు.

"సార్ గీర్ అనకు. నేనేం మీ కంపెనీ మేనేజర్ని కాదు."

"గట్లయితే అన్నా అంట." సంచి నా పడవలో పెట్టాడు. నీళ్ళ వైపు తిరిగాడు. "ఒకటి అడుగుతనన్నా. ఆ దినం వానే పడలే గదా. వాన పడకుంట నీళ్ళెట్ల పెరుగుతయ్?"

మా వైపు పసిపిల్లలకు కూడా తెలిసిన సంగతి. పోటు గురించి, పాటు గురించి, చంద్రుడి గురించి, మా అమ్మ నాకు చెప్పినట్టే అతనికి చెప్పాను. శ్రద్ధగా విన్నాడు.

"మాకాడ చెరువు వానొస్తెనే పెరుగుతది" అన్నాడు. "గీ ముచ్చట మా తమ్మునికి ఎవ్వలు చెప్పలేదన్నట్టు."

అప్పుడు అసలు పని చెప్పాడు. తమ్ముడి భార్య నమ్మడం లేదు. పెళ్ళయి ఎంతో కాలం కాలేదు, పిల్లలు లేరు. దుబాయ్ అంతా ఇసుకే అన్నారు గదా, ఇసుకలో మనిషి ఎట్లా మునుగుతాడని అడుగుతోంది. ఎక్కడో జైల్లో పడ్డాడని, ఆ సంగతి బావ తనకు చెప్పకుండా దాస్తున్నాడని ఆమె అనుమానం.

"ఇది దుబాయ్ కాదని చెప్పలేదా?" అన్నాను.

"మాకాడ ఏడికి పోయినా దుబాయేనన్నా. గది పక్కకు వెట్టు. ఊర్ల పిట్టకు వెట్టినం, ముట్టలే."

నేను చర్చికి పోయేవాణ్ణి కాబట్టి విడమరచి చెప్పాడు. మనిషి పోయాక అతనికి ఇష్టమైనవి వండి బయట పెడతారు. కాకి వచ్చి ముట్టుకుంటే అతని మనసు చల్లబడ్డట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిపోయిందని, అది తీరుస్తామని పైకి చెప్పి మాట ఇస్తారు. అప్పుడు ముట్టుకుంటుంది. ఊళ్ళో ఎన్ని మాటలిచ్చినా కాకి దగ్గరికి రాలేదు. ఆమె లేచి, బతికున్న మనిషికి ఎవరైనా పిట్టకు పెడతారా అని విస్తరి తీసేసిందట. దినాలు చేయనివ్వలేదు. బొట్టు తీయలేదు, పుస్తెలతాడు తీయలేదు. పుట్టింటివాళ్ళు తీసుకుపోదామని వస్తే, ఆయన వచ్చేసరికి ఇంటికి తాళం ఉంటదా అని వెనక్కి పంపేసింది.

"తిండి తింటలేదన్నా. ఫోన్ పక్కల వెట్టుకొని పంటది. మోగంగనే ఆయననే అంటది. నేన్ జేస్తే నా గొంతినంగనే పెట్టేస్తది. తమ్ముడు పోనే పాయె. బతికున్న పిల్ల సచ్చిపోతున్నది. ఆడ మునిగిండంటున్నరు గదా, ఆన్నే వెట్టుండ్రి, నాకు ఫోన్ల సూపియ్యుండ్రి, ఆడ ముడితే బొట్టు తీసేస్త అన్నది. నీ పడవ కావాలె."

"పిట్ట తింటే పోయినట్టు, తినకపోతే బతికున్నట్టా? ఇదేం లెక్కయ్యా!" నా నోరు ఊరుకోదు.

అతనికి కోపం రాలేదు. "లెక్క నాది గాదన్నా. ఆమెది" అన్నాడు.

పెద్ద ఇంజనీరును పడవ అడిగాను. ఏదో సాకు చెప్పబోయి, మళ్ళీ ఉన్నదే చెప్పాను. ఆయన అంతా విన్నాడు. "వాళ్ళకు రాయి లేదు గదా. తీసుకెళ్ళు" అన్నాడు. లైఫ్ జాకెట్లు వేసుకోవాలని మాత్రం రెండుసార్లు చెప్పాడు.

అనుకున్న శుక్రవారం పొద్దున్నే అన్న టిఫిన్ డబ్బాలతో వచ్చాడు. అన్నం, కోడికూర, ఉడికించిన గుడ్డు, తోట వంటింట్లో తనే కాల్చిన సర్వపిండి. మలబారువాళ్ళ షాపులో కొన్న అరిటాకు. కల్లు ఇక్కడ మాఫీ, అంటే దొరకదు కాబట్టి, దానికి బదులు లబన్ అనే మజ్జిగ సీసా. ఇవి కాక గోనెసంచి కప్పిన ప్లాస్టిక్ బుట్ట ఒకటి. అందులో ఏదో తపతపలాడుతోంది.

"ఏంటది?"

"గోరింక. మా తోట్ల కాకులు దొర్కవ్. నిన్నటి సంది దానికి తిండి వెట్టలే. ముంగట ఇడిస్తే ముట్టక ఏంజేస్తది?" గొంతు తగ్గించాడు. "బుట్ట ఆమెకు కనవడకుంట ఫోన్ పట్టు అన్నా."

నాకు ముందు నవ్వొచ్చింది. అతని ముఖం చూశాక ఆగిపోయింది. పస్తుపెట్టిన పక్షితో చచ్చినవాణ్ణి ఒప్పించడానికి బయల్దేరిన ఆ మనిషి మీద నాకు జాలి కన్నా ప్రేమ ఎక్కువ కలిగింది. సరే అన్నాను. ఆ మోసంలో నాకు తప్పేం కనిపించలేదు, ఇప్పటికీ కనిపించదు.

పాటు ఇంకా అయిపోలేదు. కాలవలో లోపలికి పోయి, అడుగులున్న చోట బల్లపరుపు బురద పక్కన పడవ ఆపాను. చూపించాను. అతను దిగి, వాటి మీద కాలు పడకుండా పక్కనుంచి నడిచాడు. చివరి అచ్చు దగ్గర కూర్చుని, దాంట్లో నిలిచిన నీళ్ళు దోసిట్లో తీసి పక్కన పోసి, అరచెయ్యి అందులో పెట్టాడు. "బొటనవేలు జూడు, అవుతలికి పోయింది. మా అయ్యకు గట్లనే ఉండె" అన్నాడు. లైఫ్ జాకెట్ విప్పేసి, చొక్కా కూడా తీసేసి నాకు ఇచ్చాడు. పెట్టేటప్పుడు ఒంటి మీద చొక్కా ఉండకూడదట. జాకెట్ వేసుకోమని అరిచాను, వినలేదు.

వీడియో కాల్ కలిసింది. ఆమెను చూడటం నాకదే మొదలు. సన్నటి ముఖం, పెద్ద బొట్టు, పీక్కుపోయిన కళ్ళు. వెనక మంచం మీద అత్తగారు ముడుచుకుని కూర్చుని ఉంది.

"అన్నా, నీళ్ళు సూపియ్యి" అంది నాతో.

కాలవ వైపు ఫోన్ తిప్పాను. ఆ వేళకు నీళ్ళు సగానికి సగం పోయి, కాలవ ఎండకు మెరుస్తూ అమాయకంగా ఉంది.

"గింతనేనా? మా ఊరి కాల్వంత లేదు. ఇందుల ఆయన మునుగుతడా? మా చెరువును ఈ దరి నుంచి ఆ దరికి ఈతాడేటోడు." ఆమె గొంతులో సంతోషం లాంటిది ఉంది.

అన్న ఆకు పరిచి అన్నీ వడ్డించాడు. నేను పడవ ముందు కొసన నిలబడి, బుట్ట కనపడకుండా ఫోన్ పట్టుకున్నాను. అతను వీపు అడ్డం పెట్టి గోనెసంచి తీసి మూత ఎత్తాడు. గోరింక బయటికి వచ్చి, బురద మీద నిలబడి, ఒకసారి ఆకు వైపు తల వంచి చూసింది. అది రెక్క విదిలించి, మా తలల మీదుగా, వచ్చిన దారినే దక్షిణానికి ఎగిరిపోయింది. ఒకరోజు పస్తున్న పక్షికి కూడా ఆ చోట దిగాలనిపించలేదు.

"అదేం పిట్ట బావా?" అంది ఆమె.

"ఏందో, గీ దేశపు పిట్ట" అన్నాడు అతను. చెయ్యి వెనక్కి పెట్టి బుట్టను మెల్లగా పక్కకు తోశాడు.

అవతలి గట్టు మీద కొంగలున్నాయి. నీటి కాకులు, సముద్రపు పక్షులు గుంపుగా ఉన్నాయి. మిగతా రోజుల్లో నా రొట్టె ముక్క కోసం పడవ మీదికే వచ్చే పక్షులు. ఆ రోజు ఒక్కటీ కదల్లేదు. అన్నీ మా వైపే చూస్తున్నాయి. గాలి లేదు. బురదలో ఆ టప్ టప్ చప్పుడు మొదలైంది.

అన్న చేతులు జోడించి తమ్ముడితో మాట్లాడటం మొదలుపెట్టాడు. నిజంగానే ఎదురుగా కూర్చున్నవాడితో మాట్లాడినట్టు మాట్లాడాడు. "అరేయ్, అవ్వ కండ్లకు ఆపరేషన్ జేపిస్త. ముట్టురా." ఆగి చూశాడు. "ఇంటి మీద స్లాబ్ పోపిస్త, నువ్వు గీసినట్టే పోపిస్త. ముట్టు." పక్షులు కదల్లేదు. "నా మీద కోపమున్నదా? నిన్ను నేనే పిలిపిస్తి గదా గీ దేశానికి. కోపముంటే నన్ను దిట్టు, గని ముట్టురా." ఫోన్‌లో ఆమె కదలకుండా చూస్తోంది. "నీ పెండ్లాన్ని మేం కట్టేసుకోం. వాళ్ళ అమ్మ ఇంటికి తోలుతం. ఆమె ఒప్పుకుంటే మళ్ళ పెండ్లి నేనే జేస్త, అన్న లెక్క నిలబడి జేస్త. ఇంక ఏం గావాలెరా నీకు?"

ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పిట్ట ముట్టలేదు.

నీళ్ళు తిరిగాయి. కాలవలో తేలుతున్న ఆకులు, నురగ లోపలి వైపు పోవడం మొదలుపెట్టాయి. "పోటు మొదలైందయ్యా, లేచి రా" అన్నాను. వినలేదు. ఇంకోసారి గట్టిగా అన్నాను. "పిట్ట ముట్టేదాంక రాను" అన్నాడు, వెనక్కి తిరగకుండానే. అమావాస్య పోటు మళ్ళీ. ముందు నుంచి కాదు, అతని వెనక నుంచి, మడ చెట్ల వేళ్ళ సందుల్లోంచి చప్పుడు లేకుండా వచ్చింది. ముందు అడుగుల అచ్చులు నిండాయి. తర్వాత అవి కనపడకుండా పోయాయి. అతను మోకాళ్ళ మీద కూర్చునే ఉన్నాడు, నడుము దాకా నీళ్ళు వచ్చేశాయి, బురద కాళ్ళను పట్టేసింది. ఒక చేత్తో ఆకును మునిగిపోకుండా పైకెత్తి పట్టుకున్నాడు. పడవను అతని దగ్గరికి నెట్టి తెడ్డు చాచాను. పట్టుకోలేదు. రెండో చేత్తో తెడ్డును పక్కకు తోసేశాడు. నాకు తెలిసిన తిట్లన్నీ తిట్టాను. అతని చెవికి ఎక్కలేదు. నేను దిగితే నా కాళ్ళూ దిగబడతాయి, పడవ కొట్టుకుపోతుంది. ఫోన్ మాత్రం ఇంకా నా ఒక చేతిలో అతని వైపే తిరిగి ఉంది.

"బావా!"

ఆ కేక ఫోన్‌లోంచి వచ్చిందని అర్థం కావడానికి నాకు క్షణం పట్టింది.

"బావా, ఇగ చాలు! ఇవుతలికి రా!"

"ముట్టలే బిడ్డా" అన్నాడతను, అటే తిరిగి. "జర ఆగు."

"ముట్టకపోతే పాయె! సూసిన బావా! నీళ్ళు సూసిన! వానలేదు, ఏంలేదు, ఎట్ల నిండుతున్నయో సూసిన! ఆయన సచ్చిపోయిండు బావా! సచ్చిపోయిండు! నువ్వన్న బయటికి రా!"

అవతలి గట్టు మీది పక్షులన్నీ ఒక్కసారి లేచాయి. అన్న తల తిప్పి చూశాడు. ఆకును వదిలేశాడు. తెడ్డు చాచాను, ఈసారి పట్టుకున్నాడు. పడవ అంచుకు ఛాతీ ఆనించి, ఒక్కో కాలూ బురదలోంచి పీక్కుంటుంటే, మొల పట్టుకుని లోపలికి లాగాను. ఇద్దరం పడవ అడుగున పడ్డాం. అతను చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, అతన్ని తిడుతూనే ఏడ్చాను.

అన్నం నీళ్ళలో విడిపోయింది. అరిటాకు తేలుతూ మడ చెట్ల లోపలికి పోయింది.

ఫోన్ పలకల మీద పడి ఉంది. తీసి చూస్తే కాల్ ఇంకా నడుస్తోంది. వెనక మంచం మీద ముసలామె నేల మీదికి జారి, కొడుకు పేరు పెట్టి ఏడుస్తోంది. ఆమెను ఇన్నాళ్ళూ కోడలు ఏడవనివ్వలేదట, ఆ సంగతి తర్వాత అన్నే చెప్పాడు. కోడలు మాత్రం ఏడవలేదు. నన్నే చూస్తోంది.

"అన్నా, ఆయన్ను గిట్ల ఎవరన్న పిలిచిన్రా?"

"పిలిచారమ్మా. ఆ ఇద్దరూ గొంతు పోయేదాకా పిలిచారట."

అది నిజమే. వాళ్ళే నాకు చెప్పారు.

"ఆయనకు ఇనవడిందంటవా?"

ఆ మడ చెట్లలోకి గట్టు మీది కేక ఎంతో దూరం పోదని నాకు తెలుసు. "వినపడిందమ్మా" అన్నాను. "అటే వస్తున్నాడు. వాళ్ళ దగ్గరికే వస్తున్నాడు."

ఆమె తల ఊపింది. కొంగు చివర తడి చేసుకుని, ఎవరి కోసం ఆగకుండా, తన బొట్టు తనే తుడుచుకుంది.

"బావకు పొడి బట్టలియ్యన్నా. సలి వెడ్తది" అని ఫోన్ పెట్టేసింది.